రెండో వయోలిన్ ఆగని చోట

కరోనా తగ్గిన మరుసటి ఏడాది. ఇనుప గనుల ఊరు బచేలిలో ఒక స్కూల్లో పాశ్చాత్య సంగీతం నేర్పుతున్నాను. గనిలో పనిచేసే డేవిడ్ గారికి ఆ నెలాఖరుకు రిటైర్మెంట్. క్వార్టర్ ఖాళీ చేసి కాకినాడ వెళ్లిపోతారు. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఇంట్లో ఒంటరిగా చెల్లో వాయించుకున్న మనిషి.

"వెళ్లేలోపు ఒక్కసారి నలుగురితో కలిసి వాయించాలనుందండి" అన్నారు.

ఆయన కోరింది స్ట్రింగ్ క్వార్టెట్. రెండు వయోలిన్లు, వాటికన్నా కాస్త పెద్దదైన వయోలా, మోకాళ్ల మధ్య నిలబెట్టి వాయించే చెల్లో. చెయ్యి ఊపి నడిపించే కండక్టర్ ఉండడు. మొదటి వయోలిన్ నాది. వయోలాకు ఆసుపత్రి నర్సు మేరీ దొరికింది. రెండో వయోలిన్‌కు మద్దేడ్ అనే ఊరి నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ రాఘవయ్య గారే దిక్కు. కర్ణాటక సంగీత కచేరీల్లో గాయకులకు పక్కవాద్యం వాయించి తలపండినవారు.

ఆయనకు మా నొటేషన్ చదవడం రాదు. తన భాగాన్ని నాచేత స్వరాల్లో పాడించుకుని కంఠస్థం చేశారు. కుర్చీ వద్దని, కాగితాల్లో తలలు పెట్టిన మా ముగ్గురికీ ఎదురుగా చాప పరుచుకుని కూర్చున్నారు. అంతవరకు బాగానే ఉంది. వాయించడం మొదలుపెడితే ప్రతిచోటా నాకన్నా అరక్షణం ఆలస్యం. అసలే నాకు ఓపిక తక్కువ. టకటకమని తాళం కొట్టే మెట్రోనోమ్ తెచ్చి ఆయన చెవి దగ్గర పెట్టాను. లాభం లేకపోయింది.

"ఏంది మేడమ్, మీరు వాయించకముందే నేనెట్ల వాయిస్త? మీది విన్నంకనే కదా" అన్నారు. వయోలిన్ కిందపెట్టి, "నా వల్ల అంతా ఖరాబైతాంది. నన్ను ఇడిచిపెట్టుండ్రి" అన్నారు.

డేవిడ్ గారు చెల్లోకి కవర్ తొడగడం మొదలుపెట్టారు. నా ప్రాణం ఉసూరుమంది.

"కృతికి కూడా ఇలాగే వెనక వాయిస్తారా?" అని రాఘవయ్య గారిని అడిగాను.

"కృతికెందుకు? అది నాకొచ్చు గద. కలిసే వాయిస్త."

సంగతి అప్పుడు అర్థమైంది. మా భాగాలు తెలియవు కనుక, గాయకుడు అప్పటికప్పుడు అల్లే ఆలాపనకు వెనకే వాయించినట్టు మమ్మల్ని విని వాయిస్తున్నారు. వాద్యాలు పక్కన పెట్టించి, నలుగురి భాగాలూ నలుగురిచేతా పాడించాను. మేరీ సిగ్గుతో చచ్చిపోయింది. అయితేనేం, వారం తిరక్కుండా రాఘవయ్య గారు మాతో కలిసిపోయారు.

స్కూలు హాల్లో, క్వార్టర్లవాళ్లందరి ముందు వాయించాం. ఆఖరి స్వరం నలుగురం కలిసి పట్టి, నేను తలూపగానే ఆపాలి. తలూపాను. మేరీ ఆపింది. రాఘవయ్య గారు ఆపలేదు. పాత రోగం తిరగబెట్టిందని ఒళ్లు మండి ఆయనవైపు చూశాను. ఆయన డేవిడ్ గారి ముఖంలోకి చూస్తున్నారు. నేనూ అటు చూశాను. డేవిడ్ గారు కళ్లు మూసుకుని, చెంపల మీద నీళ్లు కారుతుండగా, ఇంకా కమాను లాగుతూనే ఉన్నారు. నేనూ మేరీ గబగబా మళ్లీ అందుకున్నాం. డేవిడ్ గారు చాలించేదాకా వాయించాం.

చప్పట్ల మధ్య రాఘవయ్య గారు నావైపు వంగి, "సారుది ఇంకా అయిపోలే మేడమ్" అన్నారు, సంజాయిషీ చెప్పుకుంటున్నట్టు.

ఇప్పటికీ పిల్లలకు ముందు తాళం లెక్కే నేర్పుతాను. కానీ ఆఖరి స్వరం దగ్గరికి రాగానే కాగితం మీంచి తలెత్తి పక్కవాళ్లను చూడమంటాను.