చేతి వాచీల్లేని కాలం

కౌబాయ్ సినిమా అన్న మాట ఎక్కడ వినబడినా నాకు ఇప్పటికీ కడుపులో మంట లేస్తుంది. సినిమాల మీద కాదు, ఆ సినిమాలంటే నాకు ప్రాణం. వాటిని ఎలా చూడాలో మా అనకాపల్లి వాళ్లకి నేర్పడానికి దిగిన ఒక మనిషి మీద. ఇన్నేళ్లయింది, ఇంకా ఎందుకండీ అంటుంది మా ఆవిడ. నా కుళ్లు నాది. ఎన్నాళ్లు దాచుకుంటే ఆవిడకేం?

అప్పట్లో నేను బెల్లం మార్కెట్లో ఒక కమీషన్ కొట్టులో గుమస్తాని. నా నేస్తం ఒకడు మెయిన్ రోడ్డు పక్క సందులో సీడీలు అద్దెకిచ్చే కొట్టు నడిపేవాడు. బళ్లో ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్లం. చుట్టరికం ఏమీ లేదు గానీ, బావా అంటే బావా అనుకునేవాళ్లం. నా పెళ్లిలో పీటల మీద ఉన్న నా చేతికి వాడు స్వయంగా వచ్చి వాచీ తొడిగాడు. "పెళ్లాం వచ్చింది గదాని ఆదివారం సినిమాకి లేటు సెయ్యకు బావా" అన్నాడు అందరూ వినేలా. అప్పటినుంచీ స్నానానికి తప్ప ఆ వాచీ తీసేవాణ్ణి కాదు. పట్టీలు ఎన్ని మార్చానో, లోపలి వాచీ మాత్రం అదే.

ఆదివారం మధ్యాహ్నం కొట్టు షట్టరు సగానికి దించి, వెనక గదిలో చాప వేసుకుని, ఉల్లిపాయ పకోడీ పొట్లం మధ్యలో పెట్టుకుని కౌబాయ్ సినిమా వేసేవాళ్లం. ఇంగ్లీషు సగం అర్థమయ్యేది. తక్కిన సగం మేమే చెప్పుకునేవాళ్లం. హీరో మాటలు నావి, విలన్ మాటలు వాడివి. ఎవడో గుర్రం దిగి సారా కొట్టులోకి అడుగుపెడితే, గడ్డపు విలన్ నోరు తెరవగానే, "ఏటోయ్, మా ఊరికి కొత్తా? ఎవులింటికి వచ్చేవు?" అనేవాడు మావాడు. "మీ అత్తోరింటికే వచ్చేను, పిలవరా మీ మామని" అనేవాణ్ణి నేను. పకోడీ ముక్కలు గొంతుకి అడ్డం పడేలా నవ్వుకునేవాళ్లం. అంతకు మించిన సుఖం నాకు లోకంలో ఇంకోటి ఉండేది కాదు, నిజం చెప్తున్నాను.

ఆ సుఖంలోకి ఊడిపడ్డాడండీ ఆయన. కృష్ణా జిల్లా వైపు మనిషి. పరవాడ దగ్గర మందుల కంపెనీలో క్వాలిటీ సెక్షన్‌లో ఉద్యోగం. పొద్దున్నే కంపెనీ బస్సు ఎక్కి వెళ్లి రోజంతా మాత్రల్లో నలకలు వెతకడం ఆయన పని. మా నేస్తం కొట్టు మేడ మీద గదిలో అద్దెకు దిగాడు. ఒక ఆదివారం సీడీ కోసం కిందికి వచ్చి, షట్టరు కింద నుంచి వంగి లోపలికి చూసి, మా సినిమా కాసేపు చూసి అన్నాడు కదా:

"ఆ ఫ్యాంటుకి జిప్పు ఉందండీ. ఆ కాలంలో జిప్పులు లేవు, బొత్తాలే."

నేను పకపకా నవ్వాను. ప్రాణాల మీదికొచ్చి వాడు గుర్రం మీద పరుగెడుతుంటే ఎవడైనా అక్కడ చూస్తాడా? మా నేస్తం నవ్వలేదు. రిమోటు తీసుకుని సినిమా వెనక్కి తిప్పాడు. బొమ్మ ఆపి, టీవీ దగ్గరికి మోకాళ్ల మీద వెళ్లి చూసి, "ఒలమ్మో, నిజవే బావా, జిప్పే!" అన్నాడు. వాడి మొహంలో ఆ వెలుగు నా మాటలకి ఎప్పుడూ రాలేదు.

ఇక ఆదివారాలు ఆయనవి. కొత్తగా వస్తున్న కౌబాయ్ సినిమాల డీవీడీలు ఎక్కడెక్కడి నుంచో తెప్పించేవాడు. పాతవాటిలో అందరూ ఇస్త్రీ బట్టల పెళ్లికొడుకులేనండీ, వీటిలో చూడండి అనేవాడు. చొక్కాకి కాలరు లేదు. ఫ్యాంటుకి బెల్టు పట్టీలు లేవు, భుజాల మీంచి వార్లు. పళ్లు గారపట్టి ఉన్నాయి. తుపాకీ పేలిస్తే గది నిండా తెల్లటి పొగ, ఎదుటివాడు కనబడడు. ప్రతి దానికీ బొమ్మ ఆపడం, వివరం చెప్పడం. ఒక సినిమా చూడటానికి రెండు ఆదివారాలు పట్టేది. నేను హీరో మాట అందుకోబోతే, "ఒక్క నిమిషం బావా, సారు సెప్తన్నారు" అని మా నేస్తం నా మోకాలి మీద చెయ్యి వేసి ఆపేవాడు. చెయ్యి వేసింది నా మీదే. చూపు మాత్రం ఆయన మీద.

ఒకసారి ఏదో పాత సినిమాలో జనం గుంపుని ఆపి చూపించాడు. వెనక వరసలో ఒకడి చేతికి వాచీ. "ఆ రోజుల్లో మగాళ్లకి చేతి వాచీ ఎక్కడిదండీ? గొలుసు గడియారం, అదీ జేబులో" అన్నాడు. మా నేస్తం లంకెబిందెలు దొరికినట్టు చప్పట్లు కొట్టాడు. అప్పటినుంచీ అదొక ఆట అయిపోయింది. ఇసుకలో జీపు చక్రాల గుర్తులు, కొండ వెనక కరెంటు స్తంభం, చేతి వాచీ. ఎవరు ముందు పట్టుకుంటే వాళ్లు మొనగాళ్లు. వాళ్లిద్దరూ మొనగాళ్లే. నేను పకోడీలు తినేవాణ్ణి.

నేనూ ఊరుకోలేదు. ఒక వారం అంతా ఆలోచించి, "ఆ కాలంలో ఈ జీన్స్ ఫ్యాంట్లు ఎక్కడివి?" అని పెద్ద పాయింటు లాగాను. ఆయన నన్ను చిన్నబుచ్చలేదు. "మంచి ప్రశ్నండీ. అవి గనుల్లో పనివాళ్ల కోసం అప్పటికే ఉన్నాయి" అని నెమ్మదిగా, మర్యాదగా చెప్పాడు. వెటకారం చేసినా బాగుండును, తిట్టడానికి ఒక వంక దొరికేది. ఆ మంచితనానికే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆ కొత్త సినిమాలు బాగుండేవి. ఒకదాంట్లో ఒక ముసలి కౌబాయ్ దీపం వెలుగులో చిరిగిన చొక్కా కుట్టుకుంటూ ఉంటాడు. మాట లేదు, పాట లేదు. నా పకోడీ చేతిలోనే ఉండిపోయింది. ఆ సినిమా నాకు చూపించింది ఆయన కదా అని గుర్తొచ్చి, ఆ పకోడీ మీద కూడా నాకు కోపం వచ్చింది.

ఒక సాయంత్రం కొట్టు ముందు నిలబడి ఉన్నాను. కంపెనీ బస్సు దిగి ఆయన వస్తున్నాడు. మా నేస్తం కౌంటరు మీంచి చెయ్యి ఊపి, "రా బావా రా, కొత్తది వచ్చింది!" అని కేకేశాడు. పక్కనే ఉన్నాను కదా, నన్నే అనుకుని "ఇక్కడే ఉన్నాన్రా" అన్నాను. నన్ను కాదు. ఆయన్ని. అన్నాళ్లూ సారు, సారు అన్నవాడు ఎప్పుడు బావని చేసుకున్నాడో ఆయన్ని!

ఇంటికి వెళ్లి అన్నం కంచం ముందు మొహం మాడ్చుకుని కూర్చుంటే మా ఆవిడ విరగబడి నవ్వింది. "సవితి వచ్చినట్టు ఆ మొహవేటండీ? పోనీ నేనెళ్లి మాటాడనా పెద్దమనుషుల్లో పెట్టి?" అంది. ఆరోజు కూరలో ఉప్పు లేదని అరిచాను. ఉప్పు ఉంది.

ఇంతలో మా వీధి సంబరం వచ్చింది. మా వైపు సంబరాల్లో నేలవేషాలు కడతారు. స్టేజీ ఉండదు, వేషం వేసుకుని జనం మధ్యలో నేల మీదే నడుచుకుంటూ ఊరేగింపుతో వెళ్లాలి. జనం ఎవరికి ఎక్కువ ఈలలు వేస్తే కమిటీవాళ్లు వాళ్లకి కప్పు ఇస్తారు. మేమిద్దరం ఏటేటా జంట వేషం కట్టేవాళ్లం. యముడూ చిత్రగుప్తుడూ, పోలీసూ దొంగా, అత్తా కోడలూ. వచ్చిన కప్పులన్నీ వాడి కొట్టులో సీడీల అరమీద వరసగా ఉండేవి.

ఈసారి ఏం కడదాం అని అడగడానికి వెళ్తే వాడు కాసేపు నసిగాడు.

"కౌబాయ్ బావా ఈసారి."

"అద్దిరిపోద్ది! నువ్వు విలన్, నేను హీరో" అన్నాను.

"అది గాదు బావా… నేనూ సారూ కడతన్నాం. అచ్చం ఆ కాలంనాటిలా. గెడ్డం పెంచాలి, బొత్తాల ఫ్యాంటు కుట్టించాలి, సానా పని ఉంది. నీకు అంత ఓపిక ఉండదు. నువ్వు సినిమా సూత్తావు గానీ, పట్టుకోలేవు."

తర్వాతి వారం వాళ్లిద్దరూ చెక్క పిస్తోళ్లు చేయించుకోవడానికి ఏటికొప్పాక వెళ్తూ వాడి బండి మీద మా మార్కెట్ ముందు నుంచే పోయారు. ఆ బండి వెనక సీటు మీద నేను కూర్చున్నన్ని సార్లు వాడి పెళ్లాం కూడా కూర్చోలేదు. ఇప్పుడు అక్కడ ఆయన, వాడి భుజం మీద చెయ్యి వేసుకుని. కాటా మీద బెల్లం దిమ్మ పెట్టి ఎంత తూగిందో చూడటం మర్చిపోయాను.

సరే, నేనూ కౌబాయ్ వేషమే కడతాను, చూసుకుందాం అనుకున్నాను. మన పాత తెలుగు కౌబాయ్ సినిమాల్లో లాగ ఎర్ర చొక్కా, చేతుల పొడుగునా కుచ్చులు, గుండె మీద జిగినీ కాగితం నక్షత్రం, నడుముకి కట్టుకునే బుట్టగుర్రం. ఫ్యాంటుకి జిప్పు. కావాలనే, బాగా మెరిసే జిప్పు వేయించాను.

సంబరం రోజు మధ్యాహ్నం ఊరేగింపు కదిలే చోట వాళ్లని చూశాను. అబద్ధం చెప్పను, నోరు తెరుచుకుని చూశాను. మాసిన గడ్డాలు, దుమ్ము కొట్టుకున్న కోట్లు, చెమట మరకలతో గట్టిగా నిలబడ్డ గోధుమ రంగు టోపీలు. డీవీడీలోంచి దిగి వచ్చినట్టే ఉన్నారు. దగ్గరికి వెళ్లేసరికి నా ముక్కుకి తెలిసిపోయింది. పాకం! దేవరాపల్లి దగ్గర మావాడి మావయ్య గానుగ నుంచి బెల్లం పాకం తెచ్చి, గుడ్డ టోపీలు, కోట్లు అందులో ముంచి ఆరబెట్టారట. బిరుసుకి బిరుసు, రంగుకి రంగు. అనకాపల్లిలో పుట్టినవాడు తప్ప ఇంకెవడూ చెయ్యలేని పని అది.

"ఒరేయ్, ఎండకి కారుతాదిరా! ఈగలు ముసురుతాయి!" అన్నాను.

"ముసరనీ బావా. ఆ కాలంలో ఈగలు లేవేటి?" అన్నాడు మా నేస్తం. ఆయన మెచ్చుకోలుగా తల ఊపాడు.

ఊరేగింపు బెల్లం మార్కెట్ వీధిలోకి తిరిగే సరికి టోపీలు మెత్తబడ్డాయి. పాకం చెవుల మీదికి దిగింది. ఇక మా మార్కెట్ ఈగలు! సీజన్లో అవి ఎంతుంటాయో నాకు తెలుసు. వాటి వెనకే తేనెటీగలు. జనానికి వాళ్లు కౌబాయ్‌లని తోచనే లేదు. "ఎవులే ఆలిద్దరూ? గానుగ కాడ పని మానేసి ఇటే వచ్చేసినట్టున్నారు" అంది ఒకావిడ. వాళ్లిద్దరూ పిస్తోళ్లతో ఈగల్ని తోలుకుంటూ పక్క సందులోకి పరుగు. నేను బుట్టగుర్రం ఎగిరిస్తూ మధ్యలోకి దూకాను. ఈలలే ఈలలు! కప్పు నాకే ఇచ్చారు.

ఆ కప్పు పట్టుకుని, గుర్రం విప్పి ఎవరికో ఇచ్చేసి, తిన్నగా ఆ సందులోకి వెళ్లాను. నిజం చెప్పాలంటే నా మనసప్పుడు మెత్తబడింది. ఇప్పుడు వాడు నా దగ్గరికి వస్తాడు, కప్పు తీసుకెళ్లి అరమీద పెడతాడు, ఆదివారం మళ్లీ విలన్ మాటలు చెప్తాడు అనుకున్నాను.

కుళాయి దగ్గర ఉన్నారు ఇద్దరూ. ఆయన తల వంచితే మావాడు నీళ్లు పోస్తూ చెవుల వెనక పాకం కడుగుతున్నాడు. ఇద్దరి మొహాలూ తేనెటీగలు కుట్టి వాచి ఉన్నాయి. నవ్వలేక నవ్వలేక, కళ్లనీళ్లు కారేలా నవ్వుతున్నారు. పకోడీ ముక్క గొంతుకి అడ్డం పడినప్పుడు మేమిద్దరం నవ్వే నవ్వు అది.

"ఒరేయ్, ఇదిగోరా" అని కప్పు పైకెత్తాను. చొక్కా చెయ్యి మోచేతికి జారింది.

"బావా, సూడు సూడు!" అన్నాడు వాడు. నేనే పలకబోయాను. వాడు ఆయన భుజం కుదుపుతున్నాడు. "సెయ్యి సూడు బావా! కౌబాయ్ సేతికి వాచీ!"

ఆయన తడి మొహం తుడుచుకుని చూసి, "పోనీలెండి, కప్పు వచ్చిందిగా" అన్నాడు మర్యాదగా. నేను చెయ్యి దించలేదు. చూడనీ అనుకున్నాను, దగ్గర నుంచి సరిగ్గా చూడనీ. వాడు లేచి వచ్చి, అంటుకుపోతున్న వేళ్లతో నా మణికట్టు పట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూశాడు.

"బాగుంది బావా" అన్నాడు. "కొత్తదేటి?"

"ఊఁ. కొత్తదే" అన్నాను.