బొంత కప్పిన తుపాకి

పోలీసు యాక్షన్‌లో సికింద్రాబాదులో ఎన్ని తుపాకులు పేలాయో నాకు తెలియదు. చిలకలగూడ మా గల్లీలో పేలింది మాత్రం ఒక్కటే. పేల్చింది నేనే. ఒక్క దెబ్బకు గల్లీకి గల్లీ మూటలు కట్టింది. నవ్వండి, ఫరవాలేదు. ఆవేళ మాత్రం నాకు ముచ్చెమటలు పోశాయి.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు, రైల్వే ఆఫీసులో గుమాస్తాను. మా గల్లీలోనే ఉండే దావీదు మాస్టారి అమ్మాయి గ్రేసును మావాళ్ళు నాకు అడిగారు. "ఆలోచించి చెబుతాం" అన్నారాయన. ఆయన దగ్గర స్ప్రింగుతో పేలే గాలి తుపాకి ఉంది. చర్చి కోతపండుగలో గురి పందెం దానితోనే. మార్కులు కొట్టెయ్యాలిగా! "గురి కాస్త తప్పినట్టుంది మాస్టారూ, సరిచేసి తెస్తాను" అని పట్టుకొచ్చాను. అంతకుముందు నేను గురిచూసి కొట్టింది కేరంబోర్డు మీదే.

"చప్పుడు చెయ్యకయ్యా, రోజులు బాగాలేవు" అన్నారాయన.

ఆ సాయంత్రం గల్లీ అంతా కిరాణా మల్లయ్య అరుగుమీది రేడియో ముందు చేరింది. సైన్యం ఎంతదాకా వచ్చిందో, యుద్ధం ఆగుతుందో లేదోనని అందరూ ఊపిరి బిగబట్టారు. నాకిదే అదను. పెరటిగోడ మీద తుపాకి పెట్టి, చప్పుడు బయటికి పోకుండా బొంత కప్పి, బొంత జారకుండా మీద రుబ్బురోలు పొత్రం పెట్టాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

మొదటి గుండు జామచెట్టుకు కట్టిన అట్టకు జానెడు కింద తగిలింది. మర తిప్పి గురిచూసే పలక పైకి లేపాను. మళ్ళీ కిందికే. ఇంకా లేపాను. ఆరో గుండు నట్టనడుమ! ఇక బొంత, పొత్రం తీసేసి, గ్రేసు చూస్తున్నట్టు ఊహించుకుని, దర్జాగా భుజానికి ఆనించి కొట్టాను.

స్ప్రింగు తుపాకి లేగదూడలాంటిది, అదిమిన చెయ్యి తీస్తే చెంగున ఎగురుతుంది. పొత్రం బరువుకు ఎగరలేక అది కిందికి కొడుతుంటే, గురే తప్పిందనుకుని నేను పలక లేపుకుంటూ పోయాను. గుండు జామచెట్టు మీదుగా పోయి మల్లయ్య మిద్దెమీద ఠింగుమంది. ఏరియల్ తీగను పట్టుకున్న పింగాణీ బిళ్ళ పగిలి, తీగ జారిపడింది. రేడియో మాట మధ్యలో ఆగిపోయింది.

"అయిపాయె! రేడియో స్టేషన్ పోయింది!" మల్లయ్య అరుపు. "గిట్ల నడుమల బంద్ అయితదా? పిల్లల్ని పట్టుకోండ్రి, జల్ది!"

"యాడికి పోతమయ్యా?" అంది ఆయన భార్య లచ్చమ్మ.

"ఏ రైలుంటే గా రైలు! నడువుండ్రి!"

నేను పరుగెత్తుకొచ్చేసరికి మూటలు బయటికొచ్చేశాయి. ఆ రోజుల్లో పొద్దుగూకే వేళ రోడ్డెక్కితే ప్రాణాలకే ముప్పు. గుంపులో గ్రేసు వాళ్ళ నాయనమ్మను చెయ్యి పట్టుకుని నడిపిస్తోంది. నోరు మూసుకుంటే పెళ్ళి దక్కుతుందేమో, వీళ్ళేమైపోవాలి? తా చెడ్డ కోతి వనమెల్లా చెరిచిందంటారు. ఈ కోతికి నోరుంది కదా!

"ఆగండి! స్టేషనేం పోలేదు! కొట్టింది నేను!" అని తుపాకి పైకెత్తి అరిచాను.

తుపాకి చూడగానే సగంమంది బోర్లా పడుకున్నారు.

"ఏందీ! స్టేషన్‌ను నువ్వు గొట్టినవా?" అన్నాడు మల్లయ్య నేలమీది నుంచే.

"మీ ఏరియల్‌ని, మామా!"

మల్లయ్య నన్ను తిడుతూనే మిద్దెక్కి తీగ కట్టాడు. రేడియో గరగరలాడి పలికింది. యుద్ధం ఆగిపోయిందట! లచ్చమ్మ మూటమీదే కూలబడి భోరుమంది. నాకూ ఏడుపొచ్చింది, కానీ నా ఏడుపు వేరు.

మాస్టారు తుపాకి లాక్కున్నారు. "అసలు దీని గురి ఎంత తప్పింది?"

"ఏమీ తప్పలేదు నాన్నా" అంది గ్రేసు. "పోయిన వారమే నేను సరిచేశాను. ఈయన చేతిలో పడేదాకా లక్షణంగా ఉంది."

మాస్టారు నన్ను ఎగాదిగా చూశారు. "ఇంతమందిలో తప్పు ఒప్పుకున్నావు. పిల్లనిస్తాను. తుపాకి మాత్రం చచ్చినా ఇవ్వను."

అందుకే పాఠక మహాశయులారా, మీ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. నా కంఠంలో ప్రాణముండగా, బాగున్నదాన్ని బాగుచెయ్యను. మా ఇంట్లో మేకు కొట్టాలన్నా గ్రేసే కొడుతుంది. నేను చేతులు కట్టుకుని, పక్కగదిలో నిలబడతాను.