దోన్ అపరిసియో పరిచయాల జబ్బు

దోన్ అపరిసియోకి తాగుడు లేదు, పేకాట లేదు. ఉన్నదల్లా ఒకటే జబ్బు, పరిచయాలు చేయడం. ఆయన కళ్ళముందు ఇద్దరు మనుషులు ఒకరికొకరు తెలియకుండా నిలబడితే వెంటనే మధ్యలో దూరేవాడు. తెలిసినవాళ్ళు నిలబడినా అంతే.

ఒకసారి పన్ను పీకించుకోవడానికి వెళ్ళి, నోట్లో పటకారు ఉండగానే పక్క కుర్చీలో మనిషిని డాక్టరుకు పరిచయం చేయబోయాడు. డాక్టరు కంగారులో మంచి పన్ను పీకాడు. ఇంకోసారి ఒక పెళ్ళిలో ప్రమాణాలు జరుగుతుంటే లేచి, "ఆగండి ఫాదర్! వీళ్ళిద్దర్నీ ఎవరూ పద్ధతిగా పరిచయం చెయ్యలేదు" అన్నాడు. చేసి ఉంటే అసలీ పెళ్ళే చేసుకునేవాణ్ణి కాదని ఆ పెళ్ళికొడుకు ఇప్పటికీ అంటుంటాడు.

అలాంటి మనిషి చేతిలో పడింది ఫిలోమేనా. దోన్ అపరిసియో ఆమె పోయిన మొగుడికి అన్న. తన ముసలి తల్లి ఓబ్దులియాకి కొండ మీది క్విటో ఊరు చూపిద్దామని తీరంలోని గుయాకిల్ నుంచి తీసుకొచ్చింది. ఫిలోమేనాకి తొందర ఎక్కువ, నోరు ఇంకా ఎక్కువ. ఆ నోరు కూడా ఒక్క సంగతి దగ్గర మూతపడేది. తల్లికి ఏడాదిగా జ్ఞాపకం జారిపోతోంది. ఒక్కోసారి కన్నకూతుర్నే "ఎవరమ్మా నువ్వు?" అంటుంది. ఇది కొండ మీది చుట్టాలకు తెలిస్తే ఇంకేమైనా ఉందా? తీరపోళ్ళకి ఎండకి బుర్ర కరిగిపోతుందని పండగ పండక్కీ చెప్పుకుంటారు. ఈ పగలు గుట్టుగా గడిస్తే సాయంత్రం బస్సెక్కేయొచ్చు.

దోన్ అపరిసియో గడవనిస్తేగా! వీధిలో అడుగు పెట్టగానే మొదలెట్టాడు.

"ఇసిద్రో! ఈవిడ మా తమ్ముడి అత్తగారు, దోన్యా ఓబ్దులియా. మా ఇంట్లోనే దిగారు. లా రోండా వీధిలో నీలం తలుపు!"

బూట్లు పాలిష్ చేసే ఇసిద్రో లేచి చెయ్యి కలిపాడు. తరువాత జామ మిఠాయి బండి రోసాల్బినా. తరువాత కూడలి పోలీసు. ఆ తరువాత మేడ మీద దుప్పటి ఆరేస్తున్న ఒకావిడ. ఆమె ఎవరో దోన్ అపరిసియోకే తెలియదు. ముందు తనను తాను పరిచయం చేసుకుని, అప్పుడు ముసలావిడను చేశాడు.

"బావగారూ, మేం చర్చిలు చూడ్డానికొచ్చాం. ఓట్లడుక్కోవడానికి కాదు."

"చర్చిలు వందల ఏళ్ళ నుంచి ఉన్నాయమ్మాయ్, ఇంకాసేపు ఉంటాయి. పోలీసాయన డ్యూటీ మారిపోతుంది."

"మరి ఆ నీలం తలుపు దండోరా ఏంటి? ఇల్లేమన్నా అమ్మకానికి పెట్టారా?"

ఆయన టోపీ ఎత్తి నవ్వి, ఎదురొచ్చిన పాదిరీ వైపు నడిచాడు.

లోపలంతా బంగారు పూత పూసిన చర్చిలో అడుగు పెట్టాక గానీ ఫిలోమేనాకి ఊపిరాడలేదు. లోపల మాట్లాడకూడదు కదా. తల్లిని బల్ల మీద కూర్చోబెట్టి, మోకరించి కళ్ళు మూసుకుంది. తల్లికి మతి తిరిగి ఇమ్మని మేరీమాతను కాస్త ఎక్కువసేపే అడిగింది. కళ్ళు తెరిచేసరికి బల్ల ఖాళీ.

బయట వాన. గొడుగుల మధ్య ఒక్క ముఖమూ కనిపించడం లేదు. ఫిలోమేనా మెట్ల మీదే కూలబడింది. పాదిరీని వదిలి దోన్ అపరిసియో పరుగున వచ్చాడు.

"బావగారూ, అమ్మకి ఏదీ గుర్తుండదు. ఇల్లు గుర్తుండదు, నేనే గుర్తుండను. మీతో చెప్పలేదు... సిగ్గేసింది..."

"తెలుసమ్మాయ్. లే. ఇసిద్రోని అడుగుదాం."

ఇసిద్రో బ్రష్షు ఆపకుండానే, "దోన్యా ఓబ్దులియా గారా? రోసాల్బినా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది" అన్నాడు.

"బండి తడుస్తోందని పోలీసాయనకి అప్పజెప్పాను. నీలం తలుపేగా?" అంది రోసాల్బినా.

"ఇంటికే తీసుకెళ్తుంటే కాళ్ళు నొప్పన్నారు, ఆ మందాకులమ్మే దోన్యా లూచా దగ్గర కూర్చోబెట్టా" అన్నాడు పోలీసు, మహారాణి బాధ్యత నెత్తినేసుకున్నవాడిలా.

అక్కడ ఓబ్దులియా చామంతి మూట మీద, ఎవరిదో శాలువా కప్పుకుని వేడి కషాయం తాగుతోంది. ఫిలోమేనా తల్లిని వాటేసుకుంది, తిట్టింది, మళ్ళీ వాటేసుకుంది.

"మీ బావగారి చలవమ్మా," అంది లూచా. "నేను పల్లె నుంచొచ్చిన కొత్తలో ఈ ఊళ్ళో పిల్లి కూడా పలకరించేది కాదు. పది రోజులు నన్ను వెంటేసుకుని గుమ్మం గుమ్మానికీ తిప్పాడు. తప్పించుకుందామన్నా వదల్లేదు."

ఫిలోమేనా ఆయన్ని పక్కకు లాగింది. "మీకు ఎప్పుడు తెలిసింది?"

"నిన్న రాత్రి భోజనాల దగ్గర. 'మీరెవరు బాబూ?' అన్నారు మీ అమ్మగారు. చెప్పాను. సూపు అయ్యేలోపు మళ్ళీ అడిగారు, మళ్ళీ చెప్పాను. నాకేం కష్టమమ్మాయ్! ఇలాంటి చుట్టం కోసం జన్మంతా ఎదురుచూశాను. నువ్వు చెప్పలేదని నేనూ అనలేదు. ఊరికి మాత్రం ఆవిడ పేరు తెలిస్తే మంచిదనిపించింది."



ఇంతలో ఓబ్దులియా కషాయం దించి విసుక్కుంది. "ఏమే, ఆ టోపీ పెద్దమనిషి ఎవరు? అంత మర్యాదస్తుణ్ణి పక్కన నిలబెట్టుకుని పరిచయం చెయ్యవేంటి? ఇదేనా నేన్నీకు నేర్పింది?"

ఫిలోమేనా ముక్కు తుడుచుకుంది. నడుం నిటారు చేసింది. కూడలి చివరి గొడుగు దాకా వినబడేలా గొంతెత్తింది.

"అమ్మా! ఈయన దోన్ అపరిసియో! మా బావగారు!"

దోన్ అపరిసియో వానలోనే టోపీ తీసి, నడుం వంచి, "మిమ్మల్ని కలవడం ఎంత సంతోషమండీ!" అన్నాడు.