బాగున్నట్టేనా

బెంగళూరులో నాకు ఆపరేషన్ జరిగి ఏడాది దాటింది. బరువు తగ్గడానికి జీర్ణాశయంలో చాలా భాగం తీసేసి చిన్న సంచి అంత మిగిల్చారు. కాన్పు తర్వాత పెరిగిన ఒళ్ళు, దాంతో వచ్చిన షుగరు, మెట్లెక్కితే అందని ఊపిరి అన్నీ పోయాయి. మొన్న చెకప్‌లో డాక్టరమ్మ రిపోర్టులు చూసి బాగున్నాయంది. పాపకు తోడుగా ఇంకొకరిని కనవచ్చా అని అడిగాను.

"రిపోర్టుల ప్రకారం కనవచ్చు. ఒంట్లో బాగుందని మీకు అనిపిస్తోందా? అది మీరే చెప్పాలి."

ఆలోచించి ఫోన్ చేస్తానని చెప్పి మా ఊరు ప్రొద్దుటూరు వచ్చేశాను.

మా ఆయన అడగడు గానీ ఎదురుచూస్తున్నాడు. పులివెందుల నుంచి అమ్మ రోజూ ఫోన్ చేసి ఏం తిన్నావంటుంది. రెండు ముద్దలంటే ఇంకో ముద్ద తినమంటుంది. పాపను ఎత్తుకుని మేడ ఎక్కితే ఆయాసం రాదు. అదే పూట తల దువ్వుకుంటే దువ్వెన నిండా జుట్టు. ఆకలి ఎలా ఉంటుందో మరిచిపోయాను, గడియారం చూసి తింటున్నాను. ఇందులో దేన్ని నమ్మాలి?

ఆ వారంలోనే జమ్మలమడుగులో మా ఆడబిడ్డకు సీమంతం. మా వాళ్ళలో కడుపుతో ఉన్న మనిషి పక్కన ఇంకో ముత్తైదువను తోడు కూర్చోబెట్టి గాజులు వేస్తారు. అలా కూర్చున్న ఆమెకు తొందరలో కడుపు పండుతుందని నమ్మకం. అత్త నన్ను కూర్చోమంది. ఆమె అక్క, మా పెద్దత్త, నన్ను చూపిస్తూ అడ్డం వచ్చింది.

"ఈ పాపనా? వద్దులేమ్మే. కందికట్టె మాదిరి ఎట్లెండిపోయిందో సూడు. టీబీ గీబీ ఉందేమో సూపిచ్చినారా?"

"సన్నబడేదానికి ఆపరేషన్ చేపిచ్చుకునింది కదక్కా."

"బాగుండే కడుపు కోపిచ్చుకునేదేంది? తినేదానికే కడుపు ల్యాకుంటే బిడ్డను యాడ మోస్తాది?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తోడుగా వేరొకామెను కూర్చోబెట్టారు.

భోజనాల్లో పెద్దత్త నా ఎదుటి వరుసలో కూర్చుంది. నెయ్యి పోసి పూర్ణం ఓళిగ వడ్డించారు. ఈ ఆపరేషన్ అయినవాళ్ళకు తీపి సరిపడదని ఆస్పత్రిలో గట్టిగా చెప్పే పంపారు. అయినా ఆమె చూస్తుండగా ఓళిగ మొత్తం గబగబా తినేశాను, బాగున్నానని చూపించడానికే. చెయ్యి కడుక్కున్న కాసేపటికే గుండె దడదడలాడింది. ఒళ్ళంతా చెమట పట్టి, కళ్ళు తిరిగి, గోడ పట్టుకుని కూలబడ్డాను.

పెద్దత్త దగ్గరికి వచ్చి నా గడ్డం పట్టుకుంది. "ఏమ్మే, నెల తప్పినావా? దాచిపెడతాండావా?"

"లేదు పెద్దత్తా, తీపి తిన్నందుకు..."

"అట్లనా. ఓళిగ తింటే కండ్లు తిరుగుతాయని ఇప్పుడే ఇంటాండా. గాజులామెను పిలవండే, ఈ పాపకూ ఎయ్యల్ల."

నేను కాదనే కొద్దీ సిగ్గనుకున్నారు. గాజులామె వేసిన గాజులు మోచేతి దాకా జారితే చిన్నపిల్లలవి వెతికి తెచ్చారు. నిలబడి తిరుగుతున్నప్పుడు నేను వాళ్ళకు రోగిష్టిని. నిలబడలేక కూర్చుంటే మొహంలో కళ వచ్చిందన్నారు. ఒక్క క్షణం నాకూ అనుమానం వచ్చి మనసులో తేదీలు లెక్కపెట్టుకున్నాను. అదేం కాదు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అత్త మెల్లగా, "నిజమేనా పాపా?" అంది.

"కాదత్తా."

ఆమె కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

ఇంటికి వచ్చాక మా ఆయనకు జరిగిందంతా చెప్పి, బిడ్డ సంగతి ఇప్పుడే వద్దన్నాను.

"అయితే నీకు బాగలేదా?"

"బాగలేదని కాదు."

"మరి బాగుందా?"

"అదీ తెలీడంల్యా."

ఆయన నిద్రపోతున్న పాప మీద దుప్పటి కప్పాడు. "సరేలే. నీకు ఎప్పుడు తెలిస్తే అప్పుడే సూద్దాం."

ఆ మాటకు ఊరట కలగాలి, కలగలేదు. ఎప్పటికీ తెలియకపోతే ఏం చేద్దామని ఆయన్ను అడగలేకపోయాను. డాక్టరమ్మకు ఇంకా ఫోన్ చేయలేదు.