స్టేజీ తినేసిన ఇరవై రెండు మీటర్లు

మా చిన్నప్పుడు... ఆదివారం తెల్లారేసరికి బోధన్ బస్టాండులో ముగ్గురం నిలబడేవాళ్లం. బాపు, అక్క, నేను. అక్క చేతిలో కాన్వాస్ బూట్లు, నా చేతిలో రొట్టెల డబ్బా. నిజామాబాద్‌లో స్టేడియం... అక్క పరుగెత్తాలి, మేం చూడాలి.

స్టేడియం అనగానే పెద్దగా ఊహించుకోకండి. మూడు వైపులా గోడ ఉండేది. నాలుగోది త్వరలో కడతామన్నారు. శంకుస్థాపన రాయి మాత్రం పూర్తయింది. అన్ని ఆటలకూ అదొక్కటే గ్రౌండ్... మధ్యలో క్రికెట్, ఓ మూల కబడ్డీ, ఇంకో మూల వాలీబాల్, చుట్టూ పరుగు. ఒకరి బంతి ఇంకొకరి ఆటలో పడితే అన్నీ ఆగిపోయి తగువు మొదలయ్యేది. సభలు, ఎగ్జిబిషన్ కూడా అక్కడే. ఎగ్జిబిషన్ వాళ్లు వెళ్లిపోయాక గుంతలు మిగిలేవి. వాటిని ఆటగాళ్లే పూడ్చుకునేవాళ్లు.

ఇవి చాలవన్నట్టు, జెండా పండుగల కోసం పడమటి మలుపులో సిమెంటు స్టేజీ కట్టారు. సరిగ్గా ట్రాక్ మీద! కట్టినవాళ్లకు అక్కడ ట్రాక్ ఉన్నట్టు కనిపించలేదు కాబోలు... ట్రాక్ అంటే సున్నం గీతే కదా, వానొస్తే పోతుంది.

అక్కది ఎనిమిది వందల మీటర్ల పరుగు. రెండు చుట్లు. జిల్లా సెలెక్షన్లలో మొదట వచ్చింది. మా పీఈటీ సార్ స్టాప్‌వాచ్‌ను రెండుసార్లు చూసుకున్నాడు.

"హైద్రాబాద్‌ల గిదే టైం కొట్టు బిడ్డా, స్పోర్ట్స్ హాస్టల్ల సీటు నీదే" అన్నాడు.

సీట్లు మూడు. హాస్టల్ అంటే తిండి, చదువు, కోచ్... పదో తరగతి తర్వాత అక్క బీడీల చాట ముందు కూర్చోకుండా ఉండటానికి మాకు కనిపించిన దారి అదొక్కటే.

హైదరాబాద్‌లో అక్క చివరి మలుపు దాకా ముందే ఉంది. ఆ తర్వాత కాళ్లు బరువెక్కాయి... ఒకరు, ఇద్దరు, ముగ్గురు దాటిపోయారు. నాలుగో స్థానం.

తిరుగు బస్సులో కామారెడ్డి దాటాక నోరు విప్పింది.

"బాపూ, ఆఖరి గీత రావాల్నంటె రాలే. ఉరికినా కొద్ది ఇంకా దూరమే ఉన్నది."

"ఎంత దూరం ఉంటది బిడ్డా?"

"మన గల్లీల కిరాణం దుకాణం కాడికెల్లి మనింటి దాంక."

"ఓడిపోయినోళ్లందరు గట్లనే అంటరు" అన్నాను నేను. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

బాపు షుగర్ ఫ్యాక్టరీలో చెరుకు బండ్లు తూచే కాంటా దగ్గర పనిచేసేవాడు. బరువు తప్పు అని ఎవరైనా అంటే వాదించడు. మళ్లీ తూచి చూస్తాడు.

తర్వాతి ఆదివారం ముప్పై మీటర్ల టేపు అడిగి తెచ్చాడు. ఓ కొస నేను పట్టుకున్నాను. మలుపుల దగ్గర అక్క మేకులు గుచ్చుతూ వచ్చింది. నాలుగు వందలు ఉండాల్సిన చుట్టు మూడు వందల డెబ్బై ఎనిమిది. మళ్లీ కొలిచాం... అంతే. రెండు చుట్లకు నలభై నాలుగు మీటర్లు తక్కువ. కిరాణా దుకాణం నుంచి మా ఇంటి దాకా.

గ్రౌండ్ చూసుకునే ఆయన చాయ్ తాగుతున్నాడు. బాపు వెళ్లి లెక్క చెప్పాడు.

"స్టేజి కట్టినంక గీత జెర లోపటికి జరిపినమన్నా. ఏమైతది? ఉరికేటోళ్లందరికి గంతే గద!"

"కాంట తప్పుంటె రైతులకు నేను గిదే చెప్పాల్నా? అందరికి గంతే తక్కువ అని?"

"మరేం జెయ్యమంటవ్? జెండ ఎగిరేసే స్టేజిని జరుపమంటవా?"

"గీతను జరుపు."

"గీత మా చేతుల లేదన్నా. పైకెల్లి ఆర్డర్ రావాలె."

సున్నం డబ్బా మాత్రం ఆయన కుర్చీ కిందే ఉంది.

బాపు దరఖాస్తు పెట్టాడు. నెలల తర్వాత జవాబొచ్చింది... స్టేజీని పరిశీలించామని, అది పటిష్ఠంగానే ఉందని!

బాపు ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఒక ఇటుకకు సున్నం పూసి, గీతకు నలభై నాలుగు మీటర్లు వెనక పాతాడు. "గిక్కడికెల్లి ఉరుకు బిడ్డా. గిది అసలు ఎనిమిది వందలు" అన్నాడు.

అక్క ఏడాదంతా ఆ ఇటుక దగ్గర నుంచే పరుగెత్తింది. మళ్లీ జిల్లాలో మొదట వచ్చింది. కానీ హాస్టల్‌కు పెట్టిన వయసు నాలుగు నెలల కింద దాటిపోయింది... సీటు లేదన్నారు. పగలు బీడీలు చుడుతూ, ప్రైవేటుగా పరీక్షలు రాసి, చాలా ఏళ్లకు తనే పీఈటీ అయింది.

రెండువేల సంవత్సరం దాటాక స్టేడియాన్ని కొత్తగా చేశారు. గ్యాలరీ, రంగు కుర్చీలు, ఎట్టకేలకు నాలుగో గోడ. అప్పటికి నేను రిపోర్టర్‌ని. ప్రారంభోత్సవం రోజు ట్రాక్ ఎంతని అడిగాను. "స్టాండర్డే మేడం" అన్నారు. కొలిచారా అని అడిగితే శాలువాలు కప్పే పనిలో పడ్డారు.

ఆ వారమే అక్క తన స్కూలు పిల్లలను తీసుకొచ్చింది. సంచీలోంచి ముందు టేపు తీసింది. కొస నాకిచ్చింది. స్టేజీకి పైకప్పు వేశారు, ముందు మెట్లు కట్టారు... గీత ఇంకాస్త లోపలికి జరిగింది. ఈసారి చుట్టుకు ముప్పై ఒక్క మీటర్లు తక్కువ. బాపు ఇటుక ఎప్పుడో మట్టిలో పోయింది.

అక్క నా వైపు చూసి నవ్వింది. "ఏమే రిపోర్టరూ... ఓడిపోయినోళ్లందరు గట్లనే అంటరా?"

నేను వెళ్లి ఇంకో ఇటుక వెతుక్కొచ్చాను.

ఇప్పుడు ఎంత నడిచామో చేతి గడియారాలే చెబుతున్నాయి... గోడ మీది బోర్డు మాత్రం నాలుగు వందలనే అంటోంది. ఆ స్టేడియంలో గెలిచి, బయటికి పోయి చివరి మలుపులో ఓడినవాళ్లు ఇది చదువుతుంటే కింద ఒక మాట రాయండి... ఆ రోజు తప్పు మీ కాళ్లది కాదు.