అన్నయ్య ఎడమ చెవి

మొన్న మనవరాలితో బజారుకి వెళ్తుంటే అది ఉన్నట్టుండి ఆగిపోయింది. "అమ్మమ్మా, నువ్వెప్పుడూ నా కుడిపక్కకే వచ్చేస్తావేటి? ఎండంతా అటే ఉంది కదా" అంది. నిజమే. ఎవరితో నడిచినా నా కాళ్లు వాటంతటవే కుడివైపుకి చేరతాయి. ఆటోలోనూ అంతే, చర్చి బెంచీ మీదా అంతే. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. ఇది నడుమ వచ్చిన బుద్ధి, పైగా మా క్రైస్తవులకి పుడకలుండవు, కాబట్టి సమాధి దాకా నాతో వస్తుందేమో. ఇది మా అన్నయ్య కోసం పట్టుబడిన అలవాటు. అన్నయ్య పోయాడు, అలవాటు మిగిలింది.

మా నాన్న అనకాపల్లిలో లెక్కల మాస్టారు. అన్నయ్యకి కొబ్బరిచెట్టు నీడ కొలిచి చెట్టు ఎత్తు చెప్పడం నేర్పింది ఆయనే. ఆయనకో పద్ధతి ఉండేది. లెక్క తప్పు చేసినవాణ్ణి ఎదురుగా నిలబెట్టి, కుడిచేత్తో వాడి ఎడమ చెవి పట్టుకుని దగ్గరికి లాగి, సరైన జవాబు ఆ చెవిలోనే గుసగుసగా చెప్పేవారు. గట్టిగా చెబితే మిగతావాళ్లు కష్టపడకుండా రాసేసుకుంటారని ఆయన భయం. మా అన్నయ్య ఎడమ చెవి కుడిదానికన్నా కాస్త పొడుగ్గా ఉందని అమ్మ బతికున్నన్నాళ్లూ దెప్పుతూనే ఉండేది.

అన్నయ్య ఆర్మీలో ఆర్టిలరీ ఆఫీసరయ్యాడు. ఫిరంగి పేల్చేవాళ్లు వేరు, గుండు ఎక్కడ పడాలో లెక్క కట్టి చెప్పేవాళ్లు వేరు. అన్నయ్య లెక్క కట్టేవాడు. లెక్క కాగితం మీదే అయినా మోత మాత్రం పక్కనే. చెవుల్లో దూది కుక్కుకున్నా, పదేళ్లు గడిచేసరికి ఎడమ చెవి పూర్తిగా పోయింది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. సెలవుకి వచ్చినప్పుడు ఆ సంగతి కనిపెట్టింది పూడిమడక నుంచి చేపలు తెచ్చే ముసలమ్మ. "మేజరు బాబుకి సెముడేటమ్మా? ఇటుపక్కనుంచి పిలిత్తే పలకడు, అటుపక్కనుంచి పిలిత్తే మాత్రం రేటు దించమంటాడు" అని నా దగ్గర వాపోయింది. నేను నవ్వుకుంటూ వెళ్లి అడిగితే అన్నయ్య మొహం పాలిపోయింది. "డాక్టర్లకి తెలిస్తే నా ప్రమోషన్ ఆగిపోద్దే. నాన్నకి తెలిస్తే ఉద్యోగమే మానీమంటారు. నీ నోట్లోంచి రాకూడదు" అని ఒట్టు వేయించుకున్నాడు. వినబడనప్పుడు ఏం చేస్తావంటే, "తల ఊపుతాం. మా ఫిరంగులోళ్లం సగం మంది అలా ఊపుతూనే బతికేత్తాం" అన్నాడు. ఆ రోజునుంచి నేను అతని కుడిపక్క మనిషినయ్యాను.

అన్నయ్య వెళ్లిన సరిహద్దు కొండల యుద్ధం ముగిసిన మరుసటి ఏడు, రెండువేలలో, వేసవి సెలవుకి వచ్చాడు. భోజనాల దగ్గర నాన్న ఒకే ఒక్క ప్రశ్న అడిగారు. "నేను నేర్పిన లెక్కతోటేనా, ఆ మనుషుల్ని చంపేవు?"

అన్నయ్య మాస్టారి ముందు నిలబడ్డ పిల్లాడిలా నిటారుగా కూర్చుని, "అవును నాన్నా. ఒక్కటీ తప్పలేదు" అన్నాడు. మెచ్చుకుంటారనే అనుకున్నాడు, పిచ్చివాడు. నాన్న కంచం పక్కకి జరిపి లేచిపోయారు.

ఆ తరవాత ఆరేళ్లు ఆయన కొడుకుతో మాట్లాడలేదు. ఎదురుగా కూర్చున్నా సరే, "మీ అన్నని అన్నానికి రమ్మను" అని నాతో అనేవారు. "వచ్చేనని చెప్పవే" అని అన్నయ్య నాతోనే అనేవాడు. మొదట్లో నవ్వొచ్చేది నాకు. మూడో ఏడు సెలవు అయిపోయి రైలెక్కేముందు, స్టేషన్లో, "ఒక్కసారి తిట్టినా బాగుణ్ణే" అని కళ్లు తుడుచుకున్నాడు. అప్పటినుంచి నవ్వు రాలేదు.

రెండువేల ఆరు వానాకాలంలో నాన్నకి పక్షవాతం వచ్చింది. ఎడమపక్కంతా పడిపోయింది, మూతి వంకరపోయింది, మాట గాలిలాగా వచ్చేది. అన్నయ్య సెలవు పెట్టి పరిగెత్తుకొచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. నేను గంజి తేవడానికి వంటింట్లోకి వెళ్లాను. గ్లాసుతో గుమ్మంలోకి వచ్చేసరికి నాన్న కుడిచెయ్యి పైకి లేచింది. అన్నయ్య ఎడమ చెవి పట్టుకుంది. దగ్గరికి లాగింది. ఆయన పెదవులు ఆ చెవి దగ్గర చాలాసేపు కదిలాయి.

ఆ చెవి కాదు నాన్నా అని అరవాలనిపించింది. ఒట్టు గుర్తొచ్చిందో, భయమేసిందో, అరవలేదు. అన్నయ్య తల ఊపాడు. మళ్లీ ఊపాడు. నాన్న చెవి వదిలి కళ్లు మూసుకున్నారు. మర్నాడు మధ్యాహ్నానికి పోయారు.

సమాధి కార్యక్రమం అయ్యాక అన్నయ్య వరండాలో నన్ను పట్టుకున్నాడు. "నువ్వు విన్నావా? ఏటన్నారే?"

నాకు ఒళ్లు మండిపోయింది. "తల తిప్పి రెండో చెవి పెట్టలేకపోయేవా?"

"ఆరేళ్లకి నా మీద చెయ్యేసేరే. ఆ చేతిలోంచి చెవి ఎలా లాక్కోమంటావు?"

"నాకూ వినబడలేదన్నయ్యా" అన్నాను. అది నిజం.

కల్నల్ కాకుండానే రిటైరై మా వీధిలోనే ఇల్లు తీసుకున్నాడు. రోజూ సాయంత్రం నడకకి వెళ్లేవాళ్లం, నేను కుడిపక్క. ఏడాదికి ఒకటి రెండుసార్లయినా, ఏ సంబంధమూ లేకుండా, "నాన్న ఏటని ఉంటారే?" అనేవాడు. తెలియదనేదాన్ని. తెలియని లెక్కకి జవాబు రాయకూడదని పెంచారు మరి నన్ను. ఆస్పత్రిలో ఆఖరి వారం కూడా అడిగాడు. అప్పుడూ తెలియదనే చెప్పాను. తల ఊపాడు.

మనవరాలు అడిగిన మర్నాడు సమాధుల దొడ్డికి వెళ్లాను. నాన్న పక్కనే అన్నయ్య. అతని కుడివైపుకి వెళ్లి వంగి, "క్షమించేన్రా అన్నారు నాన్న. నాకు వినబడింది" అని చెప్పాను. రెండు ముక్కల అబద్ధం కూడబలుక్కోవడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది. అది వినడానికి అన్నయ్య మంచి చెవికి అన్నేళ్లు లేకపోయాయి.