స్తంభానికి కట్టుకున్న వీపు

నా చిన్నప్పుడు ఒక మధ్యాహ్నం, నర్సీపట్నంలోని మా ఇంట్లో, నన్ను నేనే స్తంభానికి కట్టేసుకున్నాను. ఈమధ్య మా అమ్మాయి ఫోనులో వీడియో చూసి వీపుకు బెల్టు బిగించుకుని, ఊపిరాడక మంచం మీద కూర్చోవడం చూశాక, ఆ సంగతి రాసిపెట్టక తప్పదనిపించింది.

తొంభైల్లో మాట. ఎనిమిదో తరగతికే నేను మా అమ్మను మించి పొడుగెదిగాను. క్లాసులో "ఒంటె" అనేవారు. పొడుగు దాచుకోవాలని భుజాలు ముందుకు వంచీ వంచీ గూని అలవాటైంది. ఆ వారం, రాబోయే ఆదివారం చర్చిలో బైబిలు వాక్యం చదవడానికి పాస్టరమ్మగారు నన్ను ఎంచుకున్నారు. తీరా చదివించి చూస్తే నా గొంతు రెండో బెంచీ దాటలేదు. శనివారానికి కూడా ఇలాగే ఉంటే ఇంకొకరిని చూసుకుంటానన్నారు.

నాకు ఏ కష్టమొచ్చినా గ్రంథాలయమే దిక్కు. అక్కడ అట్ట ఊడిన వ్యాయామ పుస్తకమొకటి దొరికింది. మడమలు, వీపు, తల గోడకు ఆనించి, ఛాతీ నిండా గాలి పీల్చి నిలబడమని అందులో ఉంది. కట్టుకోమని ఎక్కడా లేదు. అది నా సొంత పరిశోధన. తమ్ముడు పుట్టాక అమ్మమ్మ పాత చీర చింపి, బాలింత నడుము నిలబడాలని అమ్మకు బిగించి కట్టేది. నడుమును నిలబెట్టే గుడ్డ వీపును నిలబెట్టదా అనుకున్నాను.

అమ్మ తమ్ముణ్ణి టీకాకు తీసుకెళ్లగానే తలుపు గడియ పెట్టి ఆ నడికట్టు గుడ్డ తీశాను. ముడి జారకుండా గుడ్డను తడిపాను కూడా. పెంకుల కప్పును మోసే కర్ర స్తంభానికి వీపు ఆనించి, గుడ్డను స్తంభం చుట్టూ, చంకల కిందుగా ఛాతీ చుట్టూ తిప్పి, గాలి పీల్చి ముడి వేశాను.

కాసేపు గర్వంగానే ఉంది. చాలనుకుని విప్పబోతే ముడి రాలేదు. తడి నూలు రాయిలా బిగుసుకుంది. గోళ్లు విరిగాయి. గింజుకున్నకొద్దీ గుడ్డ చంకల్లో కోసుకుపోతోంది. గడియ ఎదురుగానే ఉంది, చెయ్యి అందదు. అమ్మ వస్తే తలుపు బద్దలు కొట్టాలి. వీధంతా చేరుతుంది, చర్చి మొత్తానికి తెలుస్తుంది. ఇక నన్ను వాక్యం ఎవరు చదవనిస్తారు? ఆ భయానికి ఇంకా గాలి బిగబట్టాను.

కిటికీ ఊచల్లోంచి పక్కింటి అక్క తొంగి చూసింది. చర్చిలో పాటలు ఎత్తుకునేది ఆవిడే.

"ఓలమ్మో! ఎవులే నిన్ను కట్టీసినారు?"

"నేనే. గట్టిగా అనకక్కా. వీపు తిన్నగా అవుతుందని..."

"వీపు సంగతేటో గానీ, కళ్లు మాత్రం గుడ్లగూబలాగ అయిపోనాయి!" పైట నోట్లో కుక్కుకుని నవ్వింది. కాసేపు నా ఛాతీ వంక చూసి, "సరే గానీ, ఆదివారం సదవాల్సింది సదువు," అంది.

"ఇప్పుడా?"

"ఇప్పుడే. మా అత్త అరుగు మీద కూకుంది, దానికి ఇనబడాల. మజ్జిలో ఊపిరి తీసుకోకు. ఉన్న గాలంతా అయిపోయిందాకా సదువు."

వెక్కిరిస్తోందేమోననుకున్నాను. వేరే దారి లేక మొదలుపెట్టాను. సగంలో ఆగి గాలి మింగితే "మళ్లీ!" అని గదిమింది. ఈసారి గొంతు సన్నబడి దారంలా తెగేదాకా చదివాను. పొంగిన ఛాతీ అణిగింది. గుడ్డ వదులైంది.

"సేతులెత్తి కిందకి జారిపో, బేగి!"

జారాను. గుడ్డ స్తంభానికే ఉండిపోయింది, నేను నేల మీద పడ్డాను. అంతలో పక్కింటి అరుగు మీంచి ముసలి గొంతు గట్టిగా "ఆమెన్!" అంది.

శనివారం మళ్లీ చదివించారు. ఆదివారం నేనే చదివాను. వీపు ఎంత తిన్నగా ఉందో తెలియదు గానీ చివరి బెంచీవాళ్లు తలలెత్తి విన్నారు. ఇప్పటికీ ఎక్కడైనా ఇరుక్కుపోయాననిపిస్తే, దారి వెతకడానికి ముందు ఒంట్లో ఉన్న గాలంతా వదిలేస్తాను.

మా పక్కింటి రత్నమక్కకు, అరుగు మీంచి ఆమెన్ అన్న ఆమె అత్తగారు సుందరమ్మగారికి, స్తంభానికి తడిగుడ్డ ఎందుకుందని అడగకుండా విప్పి ఆరేసిన మా అమ్మ కరుణమ్మకు నా వందనాలు.